బొల్లి

మన భాషలో కొన్ని మాటలకు జరిగిన యన్యాయమును చూచిన, మనుష్యులకు జరిగిన యన్యాయము తానే బయటపడును. బొల్లి యను మాటనే తీసికొనుడు. కొట్టములో బొల్లియావు పుట్టినచో ఇంటిల్లిపాదియు సంతసింతురు. పిల్లలు దాని నొసటి తెలుపును నిమిరి ముద్దాడుదురు. ఆ మాటయే మనుష్యులయెడకు వచ్చునప్పటికి బొల్లిమాటలనగా అబద్ధములు, బొల్లియేడుపులనగా దొంగయేడుపులు అయినవి. ఆవు మేనిమీద శుభముగా నున్న తెలుపు ఆడపిల్ల ముంజేతిమీద అశుభమెట్లయ్యెనో ఏ వ్యాకరణమును చెప్పజాలదు.

నేను వైద్యుడను గాను. ఉన్నతపాఠశాలలో తెలుగును, అవసరమైనప్పుడు ఇంగ్లీషును బోధించి బ్రదుకువాడను. అయినను గడచిన రెండేండ్లలో ఈ మచ్చనుగూర్చి దొరికినంతవఱకు చదివితిని. పరిచయమున్న చర్మవైద్యులను విసిగించి యడిగితిని. అట్లు చేయుటకు మా కుటుంబమున ఒక కారణము కలదు. దానిని తరువాత చెప్పెదను. ముందు ఈ తెలుపు ఏమో, ఎట్లు పుట్టునో చెప్పుట మేలు. మన యిండ్లలో దీనికి వెఱచువారు లెక్కకు మిక్కిలిగా నున్నారు గాని, ఇది యేమని అడిగి తెలిసికొన్నవారు మిక్కిలి తక్కువ.

ప్రపంచమున నూటికి అర మొదలు రెండువఱకు మందికి ఈ మచ్చలు కలవు. అందులో సగముమందికి ఇరువదియేండ్లు నిండకమునుపే పొడసూపును. స్త్రీలకు పురుషులకు సమానముగానే వచ్చును. తెల్లజాతులవారికిని వచ్చును, కాని వారి మేనిమీద అది అంతగా కనబడదు. చామనచాయవారమైన మన మేనిమీద అల్లంతదూరమునకే కనబడును గనుక బాధ మన దేశమున నెక్కువ.

చర్మపు పైపొరలో అన్నిటికంటె అడుగువరుసయందు రంగు చేయు కణములు అక్కడక్కడ కూర్చుండియుండును. వీనికి శాస్త్రజ్ఞులు మెలనోసైటులని పేరిడిరి. ఇవి మెలనిన్ అను నల్లని వస్తువును చిన్నచిన్న పొట్లములుగా గట్టి, తీగలవంటి చేతులు చాచి చుట్టునున్న కణములకు పంచిపెట్టును. ఒక్కొక్క రంగుకణము సుమారు 36 పొరుగుకణములను పోషించునని లెక్కగట్టిరి. ఎండ తీక్ష్ణతనుండి మనలను కాపాడు గొడుగు ఇదియే. ఇక్కడ ఒక మాట చెప్పక ముందుకు పోలేను. నల్లవానికిని తెల్లవానికిని ఈ కణముల సంఖ్యలో పెద్ద భేదము లేదు. అవి చేయు రంగు పాళ్లలోనే భేదమంతయు. పెండ్లిచూపులలో చాయనుగూర్చి చర్చించు పెద్దలు ఈ సంగతిని ఒకసారి తలచుకొన్న బాగుండును.

ఈ రంగుకణములు ఒకచోట నశించినచో అక్కడ చర్మము పాలవలె తెల్లనగును. చర్మమునకు మఱి యే లోపమును ఉండదు. స్పర్శ పోదు, పుండు పడదు, రసి కారదు. రంగు మాత్రమే పోవును. మఱి ఆ కణములను చంపినదెవరు? ఏ పురుగును కాదు, ఏ విషమును కాదు. మనలను రాత్రింబవళ్లు కాపాడుచున్న మన రక్షకభటులే చంపిరి. ఈ విడ్డూరము తెలియవలెనన్న ఆ భటుల చరిత్ర కొంత తెలియవలెను.

1882లో మెచ్నికోవ్ అను రష్యాదేశపు పండితుడు సిసిలీద్వీపమునందలి మెస్సీనా పట్టణమున సముద్రతీరమున నివసించుచు, నక్షత్రమత్స్యముల పిల్లలను సూక్ష్మదర్శినిక్రింద చూచుచుండెను. అవి గాజువలె పారదర్శకములు. లోపల జరుగునదంతయు పైకి కనబడును. వానిలోపల అటునిటు తిరుగుచున్న కణములు శత్రువును ఎదుర్కొనుటకేమో యని ఆయనకు తోచినది. ఇంటితోటలోని గులాబిముండ్లను తెచ్చి ఆ పిల్లల మేనిలో గ్రుచ్చి రాత్రియంతయు నిద్రలేక గడపి, తెల్లవాఱగనే చూచెను. తిరుగుడు కణములన్నియు ముల్లును చుట్టుముట్టియుండెను. మన కాలిలో ముల్లు విఱిగినచోట చేరు చీమునకు అర్థము ఆ యుదయమున తెలిసినది. చీమనగా రణరంగమున పడిన భటుల కళేబరములు. మెచ్నికోవునకు 1908లో నోబెల్ బహుమానము వచ్చినది. దానిని ఆయనతో పంచుకొన్న జర్మనీపండితుడు పాల్ ఎర్లిక్ గారి ప్రసంగము మరల రావలసియున్నది.

ఈ మ్రింగెడు కణములు వాకిటి కావలివారు. వచ్చినవాడెవడైనను పరాయివాడైన పట్టుకొందురు. ముఖపరిచయము వారికి అక్కఱలేదు. వీరివెనుక ముఖములను గుర్తుపెట్టుకొను మఱియొక సేన కలదు. అవి లింఫోసైటులు. వీనిలో బి-కణములు ప్రతిరక్షకములను పదార్థములను తయారుచేసి రక్తములోనికి వదలును. టి-కణములలో ఒక తెగవి శత్రువు దూరిన మన కణమునే స్వయముగా చంపును. ఒకసారి చూచిన శత్రువును ఇవి ఏండ్లతరబడి మఱువవు. మన పెద్దలు అమ్మవారని పిలిచి వేపమండలు కట్టిన మశూచికమును ప్రపంచమునుండి తఱిమివేయగలిగినది ఈ జ్ఞాపకశక్తియే. 1796లో జెన్నరను ఆంగ్లవైద్యుడు గోమసూచికపు రసిని ఒక బాలుని చేతికి అంటించి ఈ కణములకు పాఠము చెప్పెను. 1980లో ప్రపంచారోగ్యసంస్థ మశూచికము లోకమున లేదని ప్రకటించినది. ఇది యెల్లరు నెఱిగినదే గనుక ఇంతతో చాలింతును.

నాకు ఆశ్చర్యము గొలిపినది వేఱొకటి. రేపు ఏ శత్రువు వచ్చునో తెలియదు గదా, వాని ముఖమును గుర్తించు కణము ముందుగానే మనలో ఎట్లుండును? జపానుదేశీయుడగు తొనెగావా 1976లో దీని గుట్టు విప్పెను. ఈ కణములు తమ గుర్తింపుసాధనమును చేసికొనుటకు జన్యువులలోని ముక్కలను చీట్లపేకవలె కలిపి, ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగా కూర్చుకొనును. అక్షరములు నేర్చిన పిల్లవాడు వానిని ఇష్టము వచ్చినట్లు కూర్చుచు పలకలు నింపుచున్నట్లు ఊహింపుడు. లక్షలకొలది మాటలు పుట్టును. అందులో ఏదో యొకటి రేపటి శత్రువు పేరగును. కాని యెప్పుడైన తరగతిగదిలో ఈ యాట చూచినవారికి తెలియును, అక్షరములను ఇష్టము వచ్చినట్లు కూర్చునప్పుడు మంచి మాటలతోపాటు బూతులును వచ్చును. ఇక్కడ బూతనగా మన దేహమునందలి కణమునే శత్రువని గుర్తించు సాధనము. వైవిధ్యము కావలెనన్న ఈ యపాయమును తప్పదు.

దానికై ప్రకృతి ఒక పాఠశాల పెట్టినది. ఱొమ్ముటెముక వెనుక, గుండెకు పైన థైమస్ అను చిన్న గ్రంథి కలదు. అది యెందులకో 1961వఱకు ఎవరికిని తెలియదు; ఆ యేట మిల్లర్ అను పరిశోధకుడు అప్పుడే పుట్టిన యెలుకలనుండి దానిని తీసివేసి, అవి వ్యాధుల నెదుర్కొనలేక పోవుటను చూపెను. టి-కణములు అక్కడ రెండు పరీక్షలకు కూర్చుండవలెను. సొంతదేహపు గుర్తును చదువనే లేనిది మొదటిదానిలో తప్పును. సొంత కణమును చూచి మీదబడునది రెండవదానిలో తప్పును. తప్పినవానికి మరల పరీక్ష లేదు, అక్కడనే చావవలెను. ఉత్తీర్ణములగునవి నూటికి అయిదుకు మించవు. మా పాఠశాలలో ఇట్టి ఫలితము వచ్చిన విద్యాశాఖవారు మమ్మునందఱిని మన్యమునకు బదిలీచేయుదురు! ఈ పాఠశాలలో మఱొక వింత కలదు. శరీరమున వేర్వేఱు అవయవములలో మాత్రమే యుండు పదార్థములను ఈ గ్రంథి తానును కొంచెము కొంచెము తయారుచేసి విద్యార్థులకు చూపును. ఇది నీ యింటివాడు, వీనిని కొట్టరాదని ముందే ముఖములు చూపించుటయన్నమాట.

ఇంత కఠినమైన పరీక్షలోను కొందఱు దొంగచాటుగా బయటపడుదురు. వారు రక్తములో అందఱిలోను తిరుగుచున్నారు. నాలోను, ఈ పుట చదువుచున్న మీలోను. కాని దేహము తన్ను తాను విషముగా నెంచుకొనుటకు వెఱచునని, అట్టిది జరుగనేరదని ఇరువదవ శతాబ్ది యారంభమున ఎర్లిక్ పండితుడు తలచెను. ఆయన మహానుభావుడే, అయినను మహానుభావుల మాటకు ఒక చిక్కు కలదు, వెనుకటివారు దానిని పరీక్షింపక నమ్ముదురు. 1956లో రోజ్, విటెబ్‌స్కీ అనువారు కుందేళ్లకు వాని థైరాయిడుగ్రంథి సారమునే ఎక్కించి, వాని రక్షకకణములు వాని గ్రంథినే నాశముచేయుటను ప్రకటించిరి. ఆ యేడే లండనునందలి వైద్యులు, జపానుదేశపు హషిమోటో 1912లో వర్ణించిన థైరాయిడు జబ్బుగలవారి రక్తములో సొంత గ్రంథికి విరోధమైన ప్రతిరక్షకములను కనుగొనిరి. కీళ్లవాతములో ఒక రకము, పసివారికి వచ్చు మధుమేహము, మన యిండ్లలో స్త్రీలను పీడించు థైరాయిడు రోగములలో పెక్కు ఈ కోవలోనివే. బొల్లియు ఈ కోవలోనిదే.

మఱి దొంగచాటుగా బయటపడిన కణములు అందఱిలోను ఉండగా అందఱికి ఈ జబ్బులేల రావు? దీనికి ప్రత్యుత్తరము మొన్నమొన్నటిది. 1995లో సకగుచి యను జపానుపండితుడు ఇతర టి-కణములను శాంతపఱచు ఒక ప్రత్యేకపు తెగను చూపెను. అవి కొట్టవు, కొట్టబోవువారి చేయి పట్టుకొనును. 2001లో అమెరికాయందు బ్రంకో యను విదుషియు, రామ్స్‌డెల్ అనునాతడును పుట్టుకతోనే ఒడలెల్ల పొలుసులు గట్టి చచ్చిపోవు ఎలుకలను పరిశోధించి, వానిలో ఏ జన్యువు చెడినదో పట్టిరి. ఆ జన్యువే చెడి పుట్టు మగశిశువులును కలరు. వారి రక్షకసేన వారి దేహమునంతటిని నలువైపుల ముట్టడించును. శాంతపఱచు కణములను పుట్టించునది ఆ జన్యువేయని తరువాత తేలినది. ఈ ముగ్గురికి 2025లో నోబెల్ బహుమానము నొసగిరి. ఇంటిలో కోపిష్ఠి యున్నంతమాత్రమున కొంప కూలదు. చేయి పట్టుకొను పెద్దదిక్కు లేనప్పుడే కూలును.

ఇక బొల్లియందు జరుగునది చెప్పెదను. రంగుకణములు రంగు చేయు పనిలో సహజముగానే కొంత వేడి, కొంత విషము పుట్టించుకొనును. కొందఱిలో అవి పుట్టుకతోనే కొంచెము బలహీనములు. ఆయాసపడి, ఆపదలో నున్నామన్నట్లు సంకేతములు పంపును. దానిని విని చంపెడు టి-కణములు వచ్చి చూచి, రంగుకణమునే శత్రువని భ్రమించి చంపును. చంపుచు ఇంటర్‌ఫెరాన్ గామా యను పదార్థమును వదలును. ఆ వాసన తగులగనే చుట్టుపట్ల చర్మకణములు బెదరి, ఇంకను సేన కావలెనని తామే కేకలు వేయును. సేన మఱింత వచ్చును. మచ్చ అంచులు మఱింత విస్తరించును. పోరు ముగిసినను కొందఱు భటులు ఆ చోటనే బసచేసి పాతపగను మఱువక కూర్చుందురు. అందుచేతనే చికిత్సతో రంగు వచ్చినను, మందు మానిన యేడాదిలోగా పదిమందిలో నలుగురికి తెలుపు తిరిగివచ్చును, అదియు తఱచుగా పాతచోటనే.

దీనిని చదివిన పిమ్మట మన ప్రాచీనగ్రంథములను మరల విప్పి చూచితిని. అథర్వవేదమున మొదటికాండములోనే కిలాసమను పేర ఈ మచ్చను పోగొట్టుటకు మూలికను ప్రార్థించు సూక్తములు కలవు. అక్కడ రోగిని నిందించుట కనబడదు. మందును వేడుటయే కలదు. సుశ్రుతుడు మిక్కిలి జాగరూకతతో చూచినవాడు. కుష్ఠమునకును కిలాసమునకును భేదము చెప్పుచు, కిలాసము చర్మమును మాత్రమే యాశ్రయించునని, స్రవింపదని వ్రాసెను. ఇది నేటికిని చెల్లును. కాని చరకసంహిత చికిత్సాస్థానమున దీనికి కారణములు చెప్పుచు అసత్యమాడుట, కృతఘ్నత, దేవతలను నిందించుట, గురువుల నవమానించుట, పూర్వజన్మపు పాపము అని వరుస పెట్టి, చివఱకు విరుద్ధాహారమును చేర్చినది. మనుస్మృతి మూడవయధ్యాయమున పిల్లను తెచ్చుకొనగూడని పదికులములలో శ్విత్రముగలవారి కులము నొకదానిగా లెక్కించినది. సుశ్రుతుడు కన్నులతో చూచి వ్రాసినది పండితుల బీరువాలలో మిగిలినది. ఈ తక్కిన రెండుమాటలును అక్షరము రానివారి యిండ్లకును నడచిపోయినవి. చేపలు తిని పాలు త్రాగిన బొల్లి వచ్చునని మన యవ్వలు చెప్పు మాటకు మూలము ఆ విరుద్ధాహారపు ప్రస్తావనయే కావచ్చును. జన్మమున చేప ముట్టని యిండ్లలో ఈ మచ్చ ఏల వచ్చుచున్నదని ఒక్క అవ్వయైన ఆలోచించినట్లు లేదు.

మా కుటుంబమునందలి కారణము చెప్పెదనంటిని. మా చెల్లెలి కుమార్తెకు ఎడమపాదముమీద బెత్తెడు మచ్చయు, పెదవి మూలకు పైన చింతగింజంత మచ్చయు కలవు. పిల్ల ఎం.ఎస్సి. చదివి ఒక కళాశాలలో వృక్షశాస్త్రము బోధించుచున్నది. నిరుడు వేసవిలో ఒక సంబంధము కుదిరినట్లే కుదిరినది. జాతకములు ముందే చూపించుకొని బాగున్నవని వారే వర్తమానమంపిరి. పెండ్లిచూపులనాడు నేనును అక్కడనే యుంటిని. పెదవిమీది మచ్చను మా చెల్లెలు ఏదో పూతతో కప్పినది. పిల్ల చాపమీద కూర్చుండునప్పుడు చీరకుచ్చెళ్లు తొలగి పాదము కనబడినది. పెండ్లికొడుకు తల్లి చూచినది.

"అమ్మాయికి పాదం మీద అదేమిటి వదినగారూ?"

"కాలిన మచ్చండీ. చిన్నప్పుడు గంజి ఒలికింది" అని మా చెల్లెలు తడుముకొనక చెప్పినది. ఎన్ని రాత్రులు ఆ మాటను వల్లెవేసికొన్నదో పాపము.

పిల్ల తలయెత్తి, "కాలిన మచ్చ కాదండీ. బొల్లి. మూడేళ్ళయింది. అంటుకునేది కాదు" అన్నది.

కొంతసేపు ఎవరును మాటలాడలేదు. తరువాత పెండ్లికొడుకు తండ్రి మిక్కిలి మర్యాదగా, "అబ్బే, మాకలాంటి పట్టింపులేమీ లేవు మాస్టారూ. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ఒకమాట అడిగి చెబుతాం" అని నాతో పలికెను. పదునాలుగు రోజుల తర్వాత మధ్యవర్తి ఫోనుచేసి జాతకములు కుదురలేదని చెప్పెను. ముందు కుదిరిన గ్రహములు పదునాలుగు రోజులలో ఎక్కడికి జరిగెనో నేనడుగలేదు.

మా చెల్లెలు కూతురిమీదనే విరుచుకుపడినది. "దాని నోరే దానికి శత్రువు అన్నయ్యా. చిన్నదానికి కూడా రేపు సంబంధాలు రావు" అని యేడ్చినది. తల్లి భయము నాకు తెలియనిది కాదు. అయినను పిల్ల చేసినదే సరియని నేను అప్పుడంటిని, ఇప్పుడును అనుచున్నాను. కాలినమచ్చయని నమ్మించి పెండ్లిచేసిన పిమ్మట ఆ మచ్చ పెరిగినచో, మోసపోయితిమన్న మాటకు జవాబు చెప్పవలసినది తల్లి కాదు, ఆ యింట ఒంటరిగా నుండు పిల్ల. పూతతో కప్పుట ఆమె యిష్టమైనచో తప్పుగాదు. కప్పి తీరవలెనని ఇతరులు నిర్బంధించుటయే తప్పు.

ఆ పెద్దమనుష్యులు కుష్ఠువని భయపడిరో, బిడ్డలకు వచ్చునని భయపడిరో నాకు తెలియదు. రెండిటికిని ప్రత్యుత్తరము కలదు. కుష్ఠురోగమునకు కారణము ఒక సూక్ష్మజీవి. దానిని నార్వేదేశపు హాన్సెన్ 1873లో కనుగొనెను. ఆ రోగపు మచ్చలో స్పర్శ తగ్గును. రంగు వెలవెలబోవునే గాని పాలతెలుపు కాదు. బొల్లిమచ్చమీద ఈగ వ్రాలినను తెలియును. బొల్లియందు అంటుకొనుటకు అసలు వస్తువే లేదు. మఱి కుష్ఠురోగియైన మాత్రము దూరముగా నెట్టదగినవాడా? 1982 మొదలు వచ్చిన మిశ్రమచికిత్సతో అది పూర్తిగా నయమగుచున్నది. మందు ఉచితముగానే దొరకును. 1955నాటి హిందూవివాహచట్టములో విడాకులకు కారణముగా నుండిన కుష్ఠురోగమును 2019లో తొలగించిరి. చట్టము మాఱుటకు 64 ఏండ్లు పట్టినది. వీధి అరుగుమీద చట్టము ఇంకను మాఱలేదు.

వంశమునుగూర్చి చెప్పవలసినచో, ఏకరూపముగా నుండు కవలలలో ఒకరికి బొల్లి యున్నప్పుడు రెండవవారికి వచ్చుట నూటికి 23 మందిలోనే. జన్యువులన్నియు ఒక్కటియైనను నూటికి 77 మంది తప్పించుకొనుచున్నారు. తోబుట్టువులకు వచ్చుట నూటికి 6 మాత్రమే. వంశపు పాలు కొంత కలదు, లేదనను. కాని మనము పంచాంగముపై పెట్టు శ్రద్ధలో సగమైన మధుమేహము, రక్తపుపోటు ఏ యింట నెంత యున్నవో విచారించుటకు పెట్టినచో, ఈ తెల్లమచ్చ కడపటి ప్రశ్న యగును.

వంశముగాక బయటి కారణములు కొన్ని గలవు. 1939లో అమెరికాలో ఒక తోళ్లకర్మాగారమున రబ్బరు చేతొడుగులు ధరించిన పనివారికి చేతులు తెల్లబడినవి. రబ్బరులో కలిపిన ఒక రసాయనము రంగుకణములను చంపుచున్నదని తేలినది. మన స్త్రీలు నొసట అంటించుకొను బొట్టుబిళ్లల జిగురులోను, కొన్ని రబ్బరు చెప్పులలోను ఇట్టి రసాయనములు ఉండుటచేత, సరిగా బొట్టుచోటున, చెప్పుపట్టీలచోటున తెల్లబడినవారిని మన వైద్యులు పెక్కుమందిని చూచియున్నారు. అట్టివారు బిళ్ల మాని కుంకుమ పెట్టుకొనుట మేలు. బిగుతైన బట్టయొరపిడి, గోకుడు, గాయము తగిలినచోట క్రొత్తమచ్చ లేచుటయు కలదు.

ఈ వ్యాధికి మఱొక వైపు కలదు. రంగుకణములకే పుట్టు మెలనోమా యను భయంకరమైన పుట్టకురుపు తెల్లదొరల దేశములలో మెండు. ఆ కురుపును కొట్టుటకు ఇటీవలి వైద్యులు మన రక్షకసేన పగ్గములను కావలెనని వదలివేయుచున్నారు. ఆ పగ్గములను కనుగొన్న ఆలిసన్, హోంజో అనువారికి 2018లో నోబెల్ బహుమానము వచ్చినది. పగ్గము వదలిన రోగులలో కొందఱికి బొల్లి వచ్చును. వచ్చినవారు రానివారికంటె బాగుగా బ్రదుకుచున్నారు. వారికి ఆ తెలుపు జయపతాక. బొల్లిగలవారికి మెలనోమా తక్కువగా వచ్చుననియు తెలిసినది. ఒకే కణము, ఒకే దెబ్బ. ఒకచోట రోగమనిపించుకొన్నది, ఒకచోట ఔషధమనిపించుకొన్నది.

మన తెలుగువాని ప్రసంగమును ఇక్కడ రావలసియున్నది. 1895లో భీమవరమున పుట్టి, 1948లో అమెరికాలో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందము ఫోలిక్ ఆమ్లమునకు విరోధములైన పదార్థములను తయారుచేసినది. పసివారి రక్తక్యాన్సరుకై పుట్టిన ఆ కుదురునుండియే మెథోట్రెక్సేటు వచ్చినది. నేడు కీళ్లవాతమున తమ కీళ్లను తామే కొఱుకుకొను రక్షకకణములను అణచుటకు లక్షలమంది వారమునకొకసారి మ్రింగు మాత్ర అదియే.

బొల్లికి మందు లేదను మాట నిజము కాదు. తప్పక నయమగునను మాటయు నిజము కాదు. బావంచాల గింజలు పూసి యెండలో కూర్చుండబెట్టుట మన ప్రాచీనవైద్యులు ఎఱిగినదే. వానిలోని సోరాలెన్ అను పదార్థమే ఎండతో కలిసి పనిచేయుచున్నది. 1948లో ఈజిప్టుదేశపు ఎల్ మోఫ్తీ యను వైద్యుడు అట్టిదానినే మఱొక మొక్కనుండి తీసి నవీనపద్ధతిలో వాడెను. కాని కొలత తెలియక ఇంటిలో పూసికొన్న చర్మము బొబ్బలెక్కి కాలిపోవును. ఇప్పుడు అతినీలలోహిత కిరణములలో ఒక సన్నని భాగమునే వేఱుచేసి వారమునకు రెండుమూడుమార్లు పట్టింతురు. 1984లో జపానునందలి త్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవినుండి తీసిన టాక్రోలిమస్ లేపనము రక్షకకణములను ఆ చోటుమట్టుకు శాంతపఱచును. చర్మకణముల కేకలను ఆపు రక్సోలిటినిబ్ లేపనమును 2022లో అమెరికాప్రభుత్వము అంగీకరించినది. దానిని ఆఱునెలలు పూసినవారిలో నూటికి సుమారు 30 మందికి ముఖమందు ముప్పాతిక మచ్చ నిండినది. రంగు తిరిగివచ్చునప్పుడు రోమకూపములనుండి చుక్కలుచుక్కలుగా వచ్చును. క్రొత్త రంగుకణములకు విత్తనము అక్కడ దాగియుండును. అందుచేత వెండ్రుక లేని పెదవులకు, వ్రేళ్లకొనలకు చికిత్స మిక్కిలి కష్టము. థైరాయిడుజబ్బు దీనికి తోడుగా వచ్చుట కలదు గనుక ఆ రక్తపరీక్ష చేయించుకొనుట తెలివి.

గోడలమీద, బస్సుల వెనుక బొల్లికి శాశ్వతచికిత్సయని వ్రాయించువారిని నమ్మకుడు. 1954నాటి చట్టము ఈ వ్యాధిని నయముచేయుదునని ప్రకటించుటనే నిషేధించినది. ఆ నిషేధము గోడలకెక్కలేదు. మా చెల్లెలు అట్టివానికి వేలు పోసి, ఒక నల్లని తైలమును పిల్లచేత పూయించి, పాదము బొబ్బలెక్కిన తర్వాత మానినది.

మేనకోడలు ఇప్పుడు ఒక ప్రభుత్వాసుపత్రిలో కిరణచికిత్సకు వారమునకు రెండుదినములు పోవుచున్నది. పెదవిపైన రెండు గోధుమరంగు చుక్కలు వచ్చినవి. పాదముమాట అడిగినచో, "అక్కడ ఉంటే ఉండనీ మామయ్యా. వెలుతురు పెట్టెలో నిలబడడానికి ఇంకో అరగంట ఎక్కడిది, తొమ్మిదికి క్లాసుంది" అన్నది. ఈ కార్తికములో మా చెల్లెలు సంబంధములకు వ్రాయు కాగితములో నక్షత్రము, గోత్రము, చదువు, జీతముల క్రింద బొల్లి కలదని ఒక పంక్తి చేర్చినది. ఆ పంక్తిని పిల్లయే చెప్పి వ్రాయించినది. మూడు కాగితములు పంపితిమి. ఒకదానికి ప్రత్యుత్తరము వచ్చినది.